మూసీ ఒడ్డు చదువులు – 14: సంజాయిషీ ఎవరికి చెప్పుకోవాలి?

గత భాగంలో మొదటి సాలార్‌జంగ్ పెట్టించిన దారుల్ ఉలూమ్ గురించీ, ఆ తర్వాత చాదర్‌ఘాట్ వైపు లేచిన ఇంగ్లిష్ చదువుల గురించీ చెప్పుకున్నాం. బడులు వచ్చాక పంతుళ్లు జీతగాళ్లయ్యారు. జీతమిచ్చే చేతికి ఆ జీతం ఆపే అధికారం కూడా వచ్చింది. ఈ భాగం ఆ అధికారం గురించి. పంతులు మీద ఫిర్యాదు వచ్చినా, సర్కారుకు కోపమొచ్చినా, యాజమాన్యానికి మనసు విరిగినా అతని మాట వినేదెవరు? ఎక్కడ, ఎవరి ఎదుట వింటారు? నూట నలభై ఏళ్ల హైదరాబాద్ చరిత్రలో ఈ ప్రశ్నకు దొరికిన జవాబులను వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. తప్పు చిన్నదా పెద్దదా అన్నదాని మీద ఇక్కడ పెద్దగా గొడవ పడినవాళ్లు లేరు. గొడవంతా ఆ తప్పును తేల్చే చోటు గురించి. ఆ చోటు లేనప్పుడు, ఉన్నా తలుపులు మూసి ఉన్నప్పుడు, వ్యవహారం ఫైలు దాటి బయటికి నడిచింది. ఒకసారి లండన్ చేరింది, ఒకసారి సిటీ కాలేజీ ముందు తుపాకుల దాకా వచ్చింది, ఇంకోసారి ఢిల్లీలో రాజ్యాంగ ధర్మాసనం ఎదుట నిలబడింది. విచారణ అనేది తప్పు చేసిన పంతులుకిచ్చే వెసులుబాటు అని చాలామంది అనుకుంటారు. దాని అవసరం పంతులుకన్నా ఊరికే ఎక్కువ అని నా వాదన.

మొదటి కేసు 1883 నాటిది. అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఎడింబరో విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టం పుచ్చుకుని నిజాం రాజ్యానికి వచ్చిన బెంగాలీ. ఇవాళ ఆయన్ని సరోజినీ నాయుడి తండ్రిగానే తలుచుకుంటాం గాని, ఆనాటి నగరానికి ఆయన హైదరాబాద్ కాలేజీ ప్రిన్సిపాల్. భార్యతో కలిసి ఆడపిల్లలకు బడి పెట్టిన మనిషి. 1883 ఫిబ్రవరి 8న దివాను సాలార్‌జంగ్ కన్నుమూశాడు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా మైనరు. పాలన రాజప్రతినిధి మండలి చేతిలో ఉంది. సరిగ్గా ఆ సందులో చాందా రైలు మార్గం బేరం ముందుకొచ్చింది. లండన్ పెట్టుబడిదారులు లైను వేస్తారు, వాళ్ల లాభానికి నిజాం ఖజానా హామీ ఉంటుంది. అఘోరనాథ్, సర్కారు ఉద్యోగి ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మరికొందరు ఒక కమిటీగా ఏర్పడి, షరతులేమిటో జనానికి చెప్పమన్నారు. వాళ్లు అడిగింది అంతే. మే 20న అఘోరనాథ్‌ను కొలువు నుంచి తప్పించి రాజ్యం దాటించారు. అబ్దుల్ ఖయ్యూం ఉద్యోగమూ పోయింది. పాఠం చెప్పడంలో లోపముందని గాని, కాలేజీ లెక్కల్లో తేడా ఉందని గాని ఆ ప్రిన్సిపాల్ మీద అభియోగం లేదు. ఆయన్ని పిలిచి అడిగి, విని తేల్చిన విచారణా లేదు. ఉత్తర్వు వచ్చింది, మనిషి వెళ్లిపోయాడు.

అడిగినవాణ్ని పంపించారు గాని ప్రశ్న ఎక్కడికీ పోలేదు. ఆ ఏడాదే రైల్వే కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఆ బేరం నడిపిన అబ్దుల్ హక్ అనే అధికారి, కొన్నేళ్లకు గనుల గుత్త వ్యవహారంలోనూ సర్కారు తరఫున కూర్చున్నాడు. ఆ గుత్త షేర్ల చుట్టూ చెలరేగిన దుమారం 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ సెలెక్ట్ కమిటీని వేసేదాకా వెళ్లింది. షరతులేమిటి, ఎవరికెంత ముట్టింది అని హైదరాబాద్‌లో అడిగిన ప్రిన్సిపాల్‌కు దేశబహిష్కారం దొరికింది. ఐదేళ్ల తర్వాత అదే జాతి ప్రశ్నలను లండన్‌లో ఎంపీలు సాక్షులను కూర్చోబెట్టి అడిగారు. మొదటిసారి అడిగినప్పుడే ఇక్కడొక విచారణ గది దొరికి ఉంటే ఆ ప్రిన్సిపాల్ దురుసుతనం ఎంతో, ఖజానా నష్టం ఎంతో రెండూ ఒకేసారి బయటపడేవి. అఘోరనాథ్‌ను కొన్నేళ్లకు మళ్లీ రానిచ్చారు. ఆయన తిరిగి నిజాం కొలువులో చేరి పాఠాలు చెప్పాడు. దీన్ని సర్కారు పెద్దమనసుగా చెప్పే పుస్తకాలున్నాయి. నాకలా తోచదు. మాట వినకుండా తీసేయగలిగిన అధికారమే మాట వినకుండా తిరిగి తీసుకోగలదు. వెళ్లగొట్టడమూ రానివ్వడమూ రెండూ దొరవారి ఇష్టం మీదే నడిచాయి.

అఘోరనాథ్‌ది రాజకీయం కదా అని ఎవరైనా అడ్డు తగలవచ్చు. పిల్లల్ని వాతలు తేలేలా కొట్టే పంతులు, బడికి రాకుండా హాజరు పట్టీలో సంతకాలు పెట్టే పంతులు, పరీక్ష హాల్లో చీటీలందించే పంతులు – వీళ్లది దుష్ప్రవర్తన. ఆయన్ని వీళ్లతో ఒక గాటన కట్టడం ఏం న్యాయం? అభ్యంతరం సబబే. కాని ఆ గాటన కట్టింది నేను కాదు, నియమావళి. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు తీసి చూడండి. కానుకలు పుచ్చుకోవడం, భార్య ఉండగా రెండో పెళ్లి, తాగి విధుల్లోకి రావడం, రాజకీయాల్లో పాల్గొనడం, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడం అన్నీ ఒకే అట్టల మధ్య ఉంటాయి. మెమో రాసే గుమాస్తాకు అవన్నీ ఒక్కటే. సర్కారుకు ఇబ్బంది తెచ్చిన పంతులు ఎవరో, పిల్లలకు కీడు తెచ్చిన పంతులు ఎవరో మెమో చదివితే తెలియదు. సాక్షిని నిలబెట్టి అడిగినప్పుడు తెలుస్తుంది. విచారణ లేని చోట ఆ ఇద్దరికీ ఒకే శిక్ష పడుతుంది, లేదా ఇద్దరూ తప్పించుకుంటారు.

నిజాం రాజ్యపు చివరి దశాబ్దాలను త్వరగా దాటేయవచ్చు, ఎందుకంటే అప్పటి పద్ధతి విచారణ దాకా రానివ్వకుండా ముందే అడ్డుకట్ట వేయడం. సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలన్న సర్కారు ఉత్తర్వు గస్తీ నిషాన్ తిర్పన్, ఖాన్గీ (ప్రైవేటు) బడి తెరవాలంటే ముందు అనుమతి కావాలన్న నియమం – రెండింటిదీ ఒకే తర్కం. అనుమతి లేనిదే పని మొదలవదు గనక, పని చేసినందుకు శిక్షించే అవసరం తక్కువ. ఉద్యోగంలో ఉన్నవాళ్లు తమంతట తామే తప్పుకునేవారు. కవి మఖ్దూం మొహియుద్దీన్ 1939లో సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకుడిగా చేరి, 1941లో కమ్యూనిస్టు పార్టీ పని కోసం రాజీనామా చేశాడు. ఆయన ఫైలులో సంజాయిషీ కాగితం లేకపోవడాన్ని సర్కారు ఉదారత అనుకోనక్కరలేదు. బర్తరఫ్ కాగితం వచ్చేదాకా ఆగడం అలాంటివారికి అలవాటు లేదు, అంతే.

1950 జనవరి 26తో పరిస్థితి కాగితం మీదైనా తలకిందులైంది. రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం సివిల్ ఉద్యోగిని బర్తరఫ్ చేయాలన్నా, తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా అభియోగాలు చెప్పి, తన మాట చెప్పుకునే సముచిత అవకాశం ఇచ్చి, విచారణ జరపాలి. సర్కారు బడి పంతులుకు ఇది మొదటిసారి దొరికిన కవచం. కాని రెండు తలుపులు తెరిచే ఉన్నాయి. రాజ్య భద్రత కోసం విచారణ అక్కరలేదని రాష్ట్రపతి గాని గవర్నర్ గాని అనుకుంటే 311 అడ్డురాదు. అంటే 1883 దారి పూర్తిగా మూసుకుపోలేదు. రెండోది అంతకన్నా పెద్దది: ప్రైవేటు బడుల పంతుళ్లు సివిల్ ఉద్యోగులు కారు గనక ఈ కవచం వాళ్లకు వర్తించదు. ఈ రెండో తలుపు గురించి కాస్త తర్వాత. ముందు 1952.

ఆ ఏడాది మార్చిలో బూర్గుల రామకృష్ణారావు నాయకత్వాన ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది. చదువుల భాష ఉర్దూ నుంచి మారుతోంది. తెలుగూ ఇంగ్లిషూ చెప్పగల పంతుళ్ల కోసం వెతుకులాట సాగుతోంది. ఆ వెతుకులాటలో బయటి జిల్లాల వాళ్లు కొలువుల్లోకి వస్తున్నారు. 1919 ఫర్మానా నాటి ముల్కీ (స్థానికుల) నిబంధన ప్రకారం ఉద్యోగానికి పదిహేనేళ్ల స్థిర నివాసం ఉండాలి. ఈ నేపథ్యంలో వరంగల్ డివిజన్ పాఠశాలల ఇన్‌స్పెక్టర్ ఒకేసారి సుమారు 180 మంది ఉపాధ్యాయులను బదిలీ చేశాడు. ఖాళీల్లో నాన్‌ముల్కీలను, అంటే బయటివాళ్లను, పెట్టుకున్నాడని ఆరోపణ. జులై చివర్లో విద్యాశాఖ డిప్యూటీ డైరెక్టర్ విచారణకని వరంగల్ వచ్చాడు. విద్యార్థులు ఆయన్ని కలిశారు, ఊరేగింపులు తీశారు. ఆగస్టు నెలంతా ఆ గొడవ ఊరి నుంచి ఊరికి పాకి, సెప్టెంబరు మొదటికల్లా రాజధాని చేరింది. సెప్టెంబరు 3న మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కనే ఉన్న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు విద్యార్థుల మీద కాల్పులు జరిపారు. మర్నాడు అఫ్జల్‌గంజ్ ప్రాంతంలో మళ్లీ తుపాకులు పేలాయి. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ముల్కీ ఉద్యమ చరిత్రలో ఈ ఘట్టం చాలాసార్లు చెప్పారు. నేను చూడమంటున్నది దాని మొదటి పేజీ. అది ఒక విద్యాధికారి మీద వచ్చిన దుష్ప్రవర్తన ఫిర్యాదు. దాన్ని తేల్చడానికి వచ్చింది అదే శాఖలోని పై మెట్టు అధికారి. శాఖాపరమైన విచారణలో రెండే పక్షాలు – సర్కారు, ఆరోపణకు గురైన ఉద్యోగి. బదిలీ అయిన పంతుళ్లు గాని, కొలువు దొరకని ముల్కీ యువకులు గాని అందులో పక్షం కారు. మహా అయితే సాక్షులు, లేకపోతే అర్జీదారులు. వాళ్లు చెప్పింది రాసుకున్నారో లేదో, దాన్ని నమ్మారో లేదో, ఏ కారణంతో నమ్మలేదో వాళ్లకు తెలిసే దారి లేదు. ఫలితం తేలేదాకా ఓపిక పట్టలేదని విద్యార్థులను తప్పుబట్టవచ్చు. శాఖ తప్పును శాఖే తలుపు వేసుకుని తేల్చుకుంటున్నప్పుడు ఓపిక పట్టమని ఏ నమ్మకంతో చెప్పాలి? విచిత్రమేమంటే, కాల్పుల మీద మాత్రం హైదరాబాద్ హైకోర్టు న్యాయమూర్తి పింగళి జగన్మోహన్ రెడ్డితో ఏకసభ్య విచారణ సంఘం వేశారు. ఆయన సాక్షులను పిలిచి విని, నివేదిక రాశారు. శాఖ బయటి మనిషి, వాదించే హక్కు, కారణాలు రాసిన కాగితం ఈ మూడూ ప్రాణాలు పోయాక వచ్చాయి.

బదిలీల మీద న్యాయమూర్తిని వేసినంత మాత్రాన ఉద్యమం ఆగేదా అని అడిగితే, ఆగేదని నేను చెప్పను. నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత కొలువులు పోయినవారి ఆవేదన, భాష మారడంతో ఉర్దూ చదివినవారికి మూసుకున్న దారులు, పాతబస్తీ ఇళ్లలో పేరుకున్న నిస్పృహ – ఇవన్నీ 180 బదిలీల కన్నా చాలా పెద్దవి. ఉద్యమానికి కట్టెలు ముందే పేర్చి ఉన్నాయి. అయినా నిప్పురవ్వ ఒక బడి ఇన్‌స్పెక్టర్ కార్యాలయం నుంచి రావడం యాదృచ్ఛికం అనుకోను. పల్లెటూళ్లో సర్కారంటే పోలీసు, పట్వారీ, పంతులు. మొదటి ఇద్దరి మీద ఫిర్యాదు చేయడానికి జనం భయపడతారు. పంతులు నియామకంలో అన్యాయం మాత్రం ప్రతి ఇంటి పిల్లవాడి ద్వారా ఇంట్లోకి వస్తుంది.

ఇక్కడే బదిలీ గురించి ఒక మాట చెప్పి వెళ్లాలి, ఎందుకంటే ఇప్పటికీ ఉపాధ్యాయుల శిక్షల్లో అన్నిటికన్నా ఎక్కువ వాడుకలో ఉన్నదీ, ఏ జాబితాలోనూ లేనిదీ అదే. 1991 నాటి సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు (సీసీఏ) నియమాల్లో తొమ్మిదో నియమం శిక్షలను వరసగా చెబుతుంది. మందలింపు, పదోన్నతి నిలుపుదల, జీతం నుంచి నష్టం రాబట్టడం, ఇంక్రిమెంట్ల కోత చిన్న శిక్షలు. హోదా తగ్గింపు, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, బర్తరఫ్ పెద్దవి. పెద్ద శిక్షకు ఇరవయ్యో నియమం కింద అభియోగపత్రం, విచారణాధికారి, సాక్షులు, అడ్డప్రశ్నలు అన్నీ ఉండాలి. బదిలీ ఆ జాబితాలో లేదు, కాబట్టి దానికి విచారణ అక్కరలేదు. పేరు ‘పరిపాలనా సౌలభ్యం’. పిల్లలతో చెడుగా ప్రవర్తించాడని ఫిర్యాదు వచ్చిన పంతుల్ని ఇంకో మండలానికి పంపి ఊరుకోవడం, హెడ్‌మాస్టరుతో పేచీ పెట్టుకున్న పంతులమ్మను డెబ్బై కిలోమీటర్ల అవతలికి పంపడం రెండూ ఈ ఒక్క మాట చాటున జరుగుతాయి. శిక్షకు బదులుగా ఇచ్చే బదిలీ చెల్లదని సుప్రీంకోర్టు 2008లో స్పష్టంగానే చెప్పింది. అయినా అది శిక్షేనని రుజువు చేయాల్సిన భారం బదిలీ అయిన మనిషి మీదే ఉంటుంది. పిల్లల విషయంలో ఫిర్యాదు వచ్చిన ఆ పంతులు బదిలీ అయితే అన్యాయమైపోయేది కొత్త ఊరి పిల్లలు. వాళ్లకు ఆ ఫైలు సంగతి ఎప్పటికీ తెలియదు.

1952 నిప్పు ఆరలేదు. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు, దాని వెంట జై ఆంధ్ర ఉద్యమం, 1973 సెప్టెంబరులో ఆరుసూత్రాల పథకం – ఇవి మనకు తెలిసిన చరిత్రే. ఆ ఆరు సూత్రాల్లో అంతగా పట్టించుకోనిది ఒకటుంది: నియామకాలు, సీనియారిటీ, పదోన్నతుల వంటి ఉద్యోగ తగాదాలు తేల్చడానికి ఉన్నతాధికార ట్రిబ్యునల్. రాజ్యాంగంలోకి 371–డి అధికరణం వచ్చింది, దాని కింద ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునల్ వచ్చింది. బదిలీల జాబితాతో మొదలైన గొడవకు ఇరవై ఏళ్ల తర్వాత దొరికిన విచారణ గది అది. సర్కారు బడి పంతుళ్లూ అక్కడికే వెళ్లారు.

కాని గదికి తలుపు పెట్టినవాళ్లే తాళంచెవి తమ దగ్గర ఉంచుకున్నారు. 371–డి ఐదో ఖండం ప్రకారం ట్రిబ్యునల్ తీర్పు ప్రభుత్వం ఖరారు చేస్తే గాని, లేదా మూడు నెలలు గడిస్తే గాని అమల్లోకి రాదు. ఆలోగా ప్రభుత్వం ఆ తీర్పును మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. కేసులో ఓడిన పక్షమే తీర్పును కొట్టేయవచ్చన్నమాట. ప్రపంచంలో ఇంత నిజాయితీగా తన ఉద్దేశాన్ని రాసుకున్న నిబంధన ఇంకొకటి ఉంటుందనుకోను. 1986 డిసెంబరులో సాంబమూర్తి కేసులో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వాన రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన నిబంధనను రాజ్యాంగ మౌలిక స్వరూపానికి విరుద్ధమని రద్దు చేయడం అరుదైన సంగతి. ఆ అరుదైన జాబితాలోకి మన రాష్ట్ర ఉద్యోగుల, పంతుళ్ల తగాదాలు తేల్చే ఏర్పాటు చేరింది.

ఇక ప్రైవేటు బడి. 1975లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు విద్యాసంస్థల నియంత్రణ చట్టం తెచ్చింది. మూడో సెక్షన్ సారాంశం ఇది: సమర్థ అధికారి ముందస్తు అనుమతి లేనిదే ఏ ఉపాధ్యాయుణ్నీ బర్తరఫ్ చేయడం, తొలగించడం, హోదా తగ్గించడం కుదరదు, ఘోరమైన దుష్ప్రవర్తన మీద విచారణ తలపెట్టినప్పుడు తప్ప సస్పెండ్ చేయకూడదు, సస్పెన్షన్‌కు రెండు నెలల గడువు. నాలుగో సెక్షన్ అప్పీలు ఇచ్చింది. తమ విద్యాసంస్థలను తామే నడుపుకునే హక్కునిచ్చే రాజ్యాంగ 30వ అధికరణాన్ని ముందు పెట్టి మైనారిటీ యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. హైదరాబాద్‌లోని ఆల్ సెయింట్స్ హైస్కూల్ పేరుతో చరిత్రకెక్కిన ఆ కేసులో 1980లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తలా ఒక తీర్పు రాసింది. మెజారిటీ లెక్కన తేలింది: ముందస్తు అనుమతీ, అప్పీలూ మైనారిటీ సంస్థలకు వర్తించవు, సస్పెన్షన్ మీద ఆంక్షలు, జీతాల చెల్లింపు వంటివి వర్తిస్తాయి.

పాతబస్తీలో మైనారిటీ యాజమాన్యాల బడులు ఎన్ని ఉన్నాయో చూస్తే ఈ తీర్పు బరువు అర్థమవుతుంది. ఊరికి ఆ చివర సర్కారు బడిలో పనిచేసే పంతులమ్మకు 311, సీసీఏ నియమాలు ఉన్నాయి, 2016 దాకా ట్రిబ్యునల్ కూడా ఉండేది. సందు మలుపులో మైనారిటీ బడిలో అవే పాఠాలు చెప్పే పంతులమ్మకు యాజమాన్యం జరిపే అంతర్గత విచారణే మొదలూ చివరా. తీర్పును తిట్టిపోయడం సులభం. కాని యాజమాన్యాల వాదనలో గట్టి పాయింటు ఉంది, దాన్ని దాటేసి వెళ్లలేం. అనుమతి ఇచ్చే అధికారికి హద్దులు గీయకపోతే, విద్యాశాఖ కార్యాలయంలో కూర్చున్న ఒక మనిషి ఇష్టాయిష్టాల మీద బడి నడవాలి. పిల్లవాణ్ని గాయపరిచిన పంతుల్ని పంపించాలన్నా ఫైలు కదిలేదాకా ఆగాలి. బడిలో పెద్దరికం ఎవరిదన్నది అంత చిన్న విషయం కాదు. 1883లో ప్రిన్సిపాల్‌ను తరిమిన సర్కారు చేతికే ప్రతి బడి తాళాలూ ఇవ్వమని అడిగే ముందు మనమూ ఆలోచించాలి.

అయితే ఆ వాదన సర్కారు అనుమతికి వ్యతిరేకమే గాని విచారణకు వ్యతిరేకం కాదు. యాజమాన్యమూ కాని, శాఖా కాని మూడో మనిషి ఉంటే చిక్కు విడిపోతుంది. 2002లో టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తులు చెప్పింది దాదాపు ఇదే: క్రమశిక్షణ చర్యకు ప్రభుత్వ అనుమతి అక్కరలేదు, కాని యాజమాన్యం పద్ధతి ప్రకారం విచారణ జరపాలి, దాని మీద ఫిర్యాదు వినడానికి జిల్లా జడ్జి స్థాయి వ్యక్తితో విద్యా ట్రిబ్యునల్ ఉండాలి, అది ఏర్పడేదాకా జిల్లా జడ్జే వినవచ్చు. ఆల్ సెయింట్స్ తీర్పు వచ్చిన ఇరవై రెండేళ్లకు దొరికిన ఈ మధ్యే మార్గం, చిన్న బడిలో నెల జీతం మీద బతికే పంతులమ్మకు ఎంత దూరంలో ఉందో ఊహించడం కష్టం కాదు. జీతం ఆగిన నెలలో వకీలు ఫీజు ఎక్కణ్నుంచి వస్తుంది?

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం పిల్లల వైపు నుంచి వస్తుంది. విచారణ, అడ్డప్రశ్న, అప్పీలు అంటూ కూర్చుంటే నష్టపోయేది ఎవరు? పన్నెండేళ్ల అమ్మాయిని పంతులు ఎదుట నిలబెట్టి ప్రశ్నలు అడిగించడం న్యాయమా? ఈ ప్రశ్న 1996లో ఒక నవోదయ విద్యాలయం కేసులో సుప్రీంకోర్టు ఎదుటకు వచ్చింది. మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి ఆ తీర్పు రాశారు. విద్యార్థినితో అసభ్యంగా ప్రవర్తించిన ఉపాధ్యాయుణ్ని పూర్తి స్థాయి విచారణ లేకుండా తీసేయడం సబబేనని, అమ్మాయిని అడ్డప్రశ్నలకు గురిచేయకుండా ఉండటానికి ఆ పద్ధతి పాటించవచ్చని కోర్టు ఒప్పుకుంది. అలాంటప్పుడు నా వాదన ఏమైనట్టు? నిలబడే ఉందని నా నమ్మకం. ఎందుకంటే ఆ కేసులోనూ వాంగ్మూలాలు తీసుకున్నారు, విచారణను ఎందుకు వదిలేస్తున్నారో కారణాలు కాగితం మీద పెట్టారు. ఆ కాగితం ఉంది గనకే పైకోర్టు దాన్ని చదివి సరే అనగలిగింది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో ఇదే దారిని ఇంకా బాగు చేసింది. సాక్ష్యం చెప్పే బిడ్డ కళ్లెదుట నిందితుడు పడకుండా చూడాలంది. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిపెట్టిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు పెట్టింది. బిడ్డను కాపాడటానికి వినే పద్ధతిని మార్చారు, వినడం మానేయమనలేదు. నిజానికి బిడ్డకు ఎక్కువ హాని చేసేది ఆలస్యమైన విచారణ కన్నా, గుట్టుగా బదిలీతోనో రాజీనామాతోనో ముగిసిన వ్యవహారం. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా పిల్లల్ని కొట్టడం, బాధపెట్టడం నిషేధించి, బాధ్యత తప్పిన ఉపాధ్యాయుడి మీద క్రమశిక్షణ చర్య తప్పదంటూనే, చర్యకు ముందు అతని మాట వినాలని 24వ సెక్షన్‌లో రాసుకుంది.

ఇంకో హైదరాబాద్ కేసుకు బడులతో సంబంధం లేదు, కాని ప్రతి పంతులు ఫైలునూ అది మార్చింది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ, శిక్ష ఖరారు చేసేముందు ఉద్యోగికిచ్చే రెండో అవకాశాన్ని తీసేసింది. దాంతో విచారణాధికారి నివేదికలో ఏముందో తెలియకుండానే శిక్ష పడటం మామూలైపోయింది. ఎవరు తన మీద ఏం చెబితే అధికారి నమ్మాడో ఉద్యోగికి తెలియదు. మన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉద్యోగి ఒకరి తగాదా 1993 అక్టోబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. శిక్ష వేసే అధికారి నిర్ణయం తీసుకోకముందే నివేదిక నకలు ఉద్యోగికి ఇచ్చి తీరాలని కోర్టు చెప్పింది. ఎలక్ట్రానిక్స్ కర్మాగారం నుంచి వచ్చిన ఆ నియమం వల్ల ఇవాళ జిల్లా విద్యాధికారి కార్యాలయంలో పంతులు చేతికి నివేదిక అందుతోంది. ఈ వరసలోని తీర్పులన్నిటిలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఇదే. పెద్ద సిద్ధాంతమేమీ లేదు, ఒక జిరాక్సు కాపీ ఇవ్వమంది.

తర్వాతి అధ్యాయం కొంచెం వెనక్కి నడిచింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ప్రభుత్వం తన వాటా ట్రిబ్యునల్ వద్దంది. 2016 సెప్టెంబరులో కేంద్రం రద్దు నోటిఫికేషన్ ఇచ్చింది. పెండింగు కేసులు మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టుకు వచ్చాయి. ట్రిబ్యునల్ పోయినందుకు పెద్దగా ఎవరూ కన్నీరు పెట్టలేదు. దాని ఆలస్యాల మీద ఉద్యోగ సంఘాలకే విసుగుంది. కాని హైకోర్టులో దొరికేదేమిటో తెలుసుకుని వెళ్లాలి. మన రాష్ట్రం నుంచే వెళ్లిన 1963 నాటి శ్రీరామారావు కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇప్పటికీ చెరగలేదు. శాఖా విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టులా కూర్చోదు. కొంతైనా సాక్ష్యం ఉందా, పద్ధతి పాటించారా అని చూస్తుందే గాని, ఆ సాక్ష్యాన్ని తిరిగి తూచదు. అంటే అభియోగం నిజమా అబద్ధమా అని సాక్షి ముఖం చూసి తూచే చోటు ఒక్కటే. అది డిప్యూటీ విద్యాధికారి గదిలో, ఒక మధ్యాహ్నం, విచారణాధికారి బల్ల ముందు. ఆ అధికారి ఎవరో నిర్ణయించేది ఇప్పటికీ అభియోగపత్రం ఇచ్చిన శాఖే.

(వచ్చే భాగం: ఖాన్గీ బడులు – అనుమతి కోసం తిరిగిన అర్జీలు)